థర్మామీటర్ చెప్పేది సగమే

మనిషికి తీవ్రమైన అలర్జీ షాక్, అంటే అనాఫిలాక్సిస్ వస్తే డాక్టరు ముందు బీపీ చూస్తారు, ఊపిరి ఎలా ఆడుతోందో చూస్తారు. 20, 25 గ్రాములుండే చిట్టెలుకకు నిమిషనిమిషానికీ బీపీ చూడటం చాలా కష్టం. అందుకని మేం దాని ఒంటి వేడి కొలుస్తాం. మామూలుగా 37, 38 డిగ్రీల దగ్గరుండేది షాక్ తగిలిన పావుగంటలో 34కి, 32కి, ఒక్కోసారి ఇంకా కిందికి జారిపోతుంది. అరగంట దాటాక అట్టడుగుకు చేరుతుంది. బతికినవి ఆ తర్వాత మెల్లగా తేరుకుంటాయి. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో ఏళ్లుగా నేను చేస్తున్న పని ఇదే: ఆ అంకెలు ఎందుకు పడిపోతున్నాయో తెలుసుకోవడం.

ఎలుకకు వేరుశనగ అలర్జీ దానంతటదే రాదు, మేమే తెప్పించాలి. అదీ అంత తేలిక కాదు. తిండితోపాటు లోపలికి వెళ్లిన ప్రోటీన్‌ను దాని రోగనిరోధక వ్యవస్థ సహించి ఊరుకుంటుంది. అందుకే వేరుశనగ సారాన్ని, ఆ వ్యవస్థను రెచ్చగొట్టే కలరా టాక్సిన్‌తో కలిపి సన్నటి గొట్టంతో నేరుగా కడుపులోకి పంపుతాం. లేదంటే గుడ్డు తెల్లసొనలో ఉండే ఓవాల్బుమిన్‌ను అలాంటి పనే చేసే ఆలమ్‌తో కలిపి పొట్టలోకి ఇంజెక్షన్ ఇస్తాం. ఎలుక జాతిని బట్టి కూడా ఫలితం మారుతుంది. బాల్బ్-సి ఎలుకల్లో అలర్జీకి మూలమైన ఐజీఈ యాంటీబాడీలు బాగా తయారవుతాయి, సి57 నల్ల ఎలుకల్లో తక్కువ.

ఐజీఈ రక్తంలో ఎక్కువసేపు నిలవదు. కానీ చర్మంలో, పేగుల్లో, రక్తనాళాల పక్కన ఉండే మాస్ట్ కణాలను ఒకసారి అంటిపెట్టుకుందంటే వారాల తరబడి అక్కడే ఉంటుంది. మళ్లీ అదే ప్రోటీన్ వచ్చి పక్కపక్కనున్న ఐజీఈలను కలిపి పట్టుకోగానే, మాస్ట్ కణం తనలో దాచుకున్న హిస్టమిన్‌ను ఒక్కసారిగా బయటికి వదిలేస్తుంది.

ఆ తర్వాత ఏం జరుగుతుందో దగ్గర్నుంచి చూడాలి. తోక సిరలోకి ఓవాల్బుమిన్ ఎక్కించిన కొద్ది నిమిషాలకే ఎలుక ముక్కూ చెవులూ గోక్కోవడం మొదలుపెడుతుంది. కళ్ల చుట్టూ ఉబ్బుతుంది. వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. కాసేపటికి పొట్ట నేలకు ఆనించి పడుకుంటుంది, వేలితో తట్టినా లేవదు. అప్పుడు తీసిన రెండు చుక్కల రక్తాన్ని సన్నటి గాజు గొట్టంలో పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే, ఎర్రకణాల మట్టం ఇంజెక్షన్‌కు ముందున్న దానికంటే పైన కనిపిస్తుంది. కణాలు పెరిగి కాదు. హిస్టమిన్ దెబ్బకు రక్తనాళాల గోడలు వదులై, ప్లాస్మా చుట్టూ ఉన్న కణజాలంలోకి కారిపోయింది. మిగిలిన రక్తం చిక్కబడింది, గుండెకు తిరిగి రావాల్సినంత రావడం లేదు. ఒంటి వేడి పడిపోవడం వెనక ఉన్నది ఇదే. కొత్తగా చేరిన విద్యార్థులకు థర్మామీటర్ కంటే ముందు నేను ఆ గాజు గొట్టాన్నే చూపిస్తాను.

అయితే ఐజీఈతోనే కథ ముగిసిపోదు. 1994లో హాన్స్ ఓట్‌గెన్, ఫిలిప్ లెడర్ బృందం అసలు ఐజీఈ తయారే కాని ఎలుకలను పెంచి, వాటికి అలర్జీ తెప్పించి, మళ్లీ అదే ప్రోటీన్ ఎక్కించింది. షాక్ రాకూడదు. వచ్చింది. ఇంకో దారి ఉందని అలా తేలింది. ఆ దారిలో పనిచేసేది ఐజీజీ, అంటే జబ్బుల నుంచి మనల్ని రోజూ కాపాడే మామూలు యాంటీబాడీ. అది ప్రోటీన్‌తో కలిసి మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాల మీద ఉండే గ్రాహకాలను తాకితే, అవి హిస్టమిన్ బదులు ప్లేట్‌లెట్ యాక్టివేటింగ్ ఫ్యాక్టర్ అనే కొవ్వు పదార్థాన్ని వదులుతాయి. మేం పీఏఎఫ్ అంటాం. రక్తనాళాలను వదులు చేయడంలో అది హిస్టమిన్‌కు ఏమాత్రం తీసిపోదు. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాల పాత్ర కూడా పెద్దదేనని 2011లో పారిస్ పరిశోధకులు చూపించారు. ఏ కణానిది ఎంత వాటా అన్నదాని మీద మా రంగంలో వాదనలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

ఈ రెండు దారులనూ విడదీసి చూపినవాళ్లలో సిన్సినాటికి చెందిన ఫ్రెడ్ ఫింకెల్‌మన్ బృందాన్ని ముందు చెప్పుకోవాలి. ఐజీఈ దారికి రవ్వంత ప్రోటీన్ చాలు, ఐజీజీ దారికి చాలా ఎక్కువ కావాలి. మా బల్ల మీదా ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ముందుగా యాంటీహిస్టమిన్ ఇచ్చిన ఎలుకల్లో, ఐజీఈ ద్వారా వచ్చే షాక్ చాలావరకు ఆగిపోతుంది. ఐజీజీ ద్వారా వచ్చేది ఆ మందుకు లొంగదు, పీఏఎఫ్‌ను అడ్డుకునే మందు ఇస్తేనే వేడి నిలబడుతుంది. రెండు సందర్భాల్లోనూ థర్మామీటర్ చూపేది అదే పతనం. కారణాలు మాత్రం వేరు. గ్రాఫ్ ఒక్కటే చూసి కారణం చెప్పేవాళ్లను నేను నమ్మను.

ఐజీజీలో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే సంగతి ఇంకొకటుంది. ప్రోటీన్ కొద్దిగా వచ్చినప్పుడు అది మాస్ట్ కణాల దాకా చేరకముందే ఐజీజీ మధ్యలోనే పట్టేసుకుని షాక్‌ను ఆపుతుంది. ఎక్కువ వచ్చినప్పుడు అదే ఐజీజీ షాక్ తెస్తుంది. కాపాడేదీ అదే, కూలదోసేదీ అదే, మోతాదే తేడా.

ఎలుకల బాధ గురించి చాలామంది అడుగుతారు. అడగాలి కూడా. నైతిక సంఘం అనుమతి లేకుండా మేం ఒక్క ఎలుకను కూడా ముట్టుకోం. వేడి ఎంతకు పడిపోతే ప్రయోగం ఆపాలో ముందే రాసి ఉంటుంది. ఆ గీత దాటిన ఎలుకను బాధపడనివ్వం, అక్కడికక్కడే నొప్పి లేకుండా ప్రాణం తీస్తాం. ఇప్పుడు బియ్యపు గింజంత చిప్‌ను చర్మం కింద పెట్టి, చేత్తో పట్టుకోకుండానే వేడి చదువుతున్నాం. పట్టుకుంటే భయానికి కూడా వేడి మారుతుంది కాబట్టి ఇది ఎలుకకూ మంచిది, లెక్కకూ మంచిది.

ఎలుక మనిషి కాదు. హిస్టమిన్‌ను అది మనకంటే చాలా ఎక్కువగా తట్టుకుంటుంది. మనుషుల్లో ఐజీజీ దారి ఎంతవరకు ఉందో చెప్పడానికి ఆధారాలు చాలవు. కానీ పీఏఎఫ్ సంగతి వేరు. అనాఫిలాక్సిస్ ఎంత తీవ్రమైతే రోగి రక్తంలో పీఏఎఫ్ అంత ఎక్కువగా ఉందని 2008లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో టొరంటో వైద్యుడు పీటర్ వాడాస్ బృందం చూపించింది. అంటే మనలో కూడా షాక్ ఒక్క హిస్టమిన్ పని కాదు.

అందుకే మన ఊళ్లలోని చదువరులకు ఒక మాట చెప్పాలి. కందిరీగ కుట్టాకో, ఏదైనా తిన్నాకో, మందు వేసుకున్నాకో దద్దుర్లతోపాటు ఆయాసం, గొంతు బిగుసుకుపోవడం, కళ్లు తిరగడం ఉంటే సెట్రిజిన్ మింగించి ఎదురుచూడకండి. ఆ మాత్ర హిస్టమిన్‌కే, దురదకే. వదులైన రక్తనాళాలను బిగించి, శ్వాసనాళాలను తెరిచి, గుండెను నిలబెట్టే మందు అడ్రినలిన్. షాక్ ఏ దారిన వచ్చినా మొదట ఇవ్వాల్సింది అదే. తొడ బయటి వైపు కండరంలోకి ఇవ్వాలి, పెద్దవాళ్లకు అర మిల్లీగ్రాము. మనిషిని పడుకోబెట్టి, కాళ్లు ఎత్తి ఉంచి, అడ్రినలిన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి.