ముదురు బెండకాయ

కూరకు పనికిరాదని పక్కన పడేసిన ముదురు బెండకాయే పిల్లలకు మేలురకం. ముచ్చికకు కాస్త దిగువన అడ్డంగా కోస్తే ముచ్చికే పిడవుతుంది. తడి పసుపులో అద్ది కాగితం మీద ఒత్తితే రేకులు విడివిడిగా, పువ్వులా అచ్చు పడుతుంది. లేతకాయతో ఈ పని కాదు, జిగురొదిలి గీతలన్నీ అలుక్కుపోతాయి.

తెనాలి చుట్టుపక్కల ఇలాంటి సరుకుకు కరువేముంది? పసుపు యార్డు దుగ్గిరాలలో, నిమ్మకాయల మార్కెట్టు ఊళ్ళోనే. మామ్మగారి తాంబూలప్పెట్టెలోంచి చిటికెడు సున్నం కూడా దొరికితే పిల్లలకు ఒక మధ్యాహ్నం గడిచిపోతుంది. పసుపు నీళ్ళలో కాగితం ముంచి ఆరబెట్టాలి. సున్నపు తేటలో చీపురుపుల్ల ముంచి దానిమీద గీస్తే గీత ఎర్రగా లేస్తుంది. నిమ్మరసం చుక్క పడగానే ఎరుపు మాయమై మళ్ళీ పసుపు తేలుతుంది. పసుపులోని కర్‌క్యుమిన్‌కు క్షారం తగిలితే వచ్చే మార్పు ఇది. కొత్త దంపతులకు గుమ్మంలో దిష్టి తీసే పళ్ళెంలోని ఎర్రనీళ్ళ గుట్టూ ఇదే. బడిలో లిట్మస్ కాగితం కంటే ముందు ఈ పళ్ళెం చూపిస్తే బాగుండునని నాకెప్పుడూ అనిపిస్తుంది. (సున్నం కంట్లో పడకుండా పెద్దవాళ్ళొకరు పక్కనుండాలి లెండి.)

రేపల్లె వైపు లంకల్లో అరటి డొప్పలు పడవలవుతాయి. బాపట్ల వైపు ముంజలు తినేసిన తాటిబుర్రలు రెండు, మధ్యలో ఒక పుల్ల, తోయడానికి పంగలకర్ర. ఇక బండి ఆగదు.

పాత ఇనుప నట్లూ బోల్టులూ అతికి నిలువెత్తు విగ్రహాలు చేసే తెనాలి శిల్పుల గురించి అందరికీ తెలుసు. వాళ్ళదీ పారేసే సరుకుతో పనే, కాకపోతే ఆ విగ్రహాలు ఏళ్ళ తరబడి నిలబడతాయి. వంకాయకు నాలుగు పుల్లలు గుచ్చి చేసిన గేదె మాత్రం సాయంత్రానికే కుంటుతుంది, మర్నాటికి ఒళ్ళంతా ముడతలు పడుతుంది. అయినా పిల్లలు దానికి గడ్డి వేస్తారు, పేరు పెడతారు, పాలు పితుకుతారు.

ఇప్పుడు షాపుల్లో క్రాఫ్ట్ కిట్లు దొరుకుతున్నాయి. అట్టపెట్టెలో అన్నీ కొలత ప్రకారం, ఏ ముక్క ఎక్కడ అతికించాలో అంకెలతో సహా. పిల్లలు ముచ్చటగానే చేస్తారు, షోకేసులో పెడతారు. వాటిమీద నాకు కోపమేమీ లేదు. కానీ “ఆ గేదెనిటివ్వరా, కూరలోకి కాయలు చాల్లేదు” అని అమ్మ చెయ్యి చాపితే, “పాలిచ్చే గేదమ్మా, రేపిస్తాలే” అని బేరమాడడం ఏ కిట్టుతోనూ కుదరదు.