కాసోవరీ నాన్న రోడ్డు దాటాడు

స్పీడ్ బ్రేకర్ బోర్డు, దాని కింద కాసోవరీ పక్షి బోర్డు. ఎవరో ఆకతాయి పై బొమ్మకి ముక్కూ కాళ్లూ గీసి చచ్చిపడిన పక్షిని చేసేశాడు. 'ముందు', 'తర్వాత' అని రాశాడు కూడా. బండిలో ఆరుగురం పడీపడీ నవ్వాం.

ఇది ఆస్ట్రేలియాలో కెయిర్న్స్‌కి ఉత్తరాన, డెయిన్‌ట్రీ అడవి. చెట్లు సముద్రం దాకా వచ్చేస్తాయి. కేప్ ట్రిబ్యులేషన్ దాటాక తారు రోడ్డు అయిపోయి, బ్లూమ్‌ఫీల్డ్ ట్రాక్ మొదలవుతుంది. ఇక ఫోర్‌వీల్ డ్రైవ్ ఉంటేనే. ఎమ్మాగెన్ వాగు దగ్గర ఫొటో కోసం దిగబోతే, "మొసళ్లుంటాయి, కూర్చో" అన్నాడు డ్రైవర్. బుద్ధిగా డోర్ వేసుకున్నా.

1983లో ఈ దారి కోసం బుల్డోజర్లు వస్తే జనం చెట్లెక్కి, అడ్డంగా పడుకుని ఆపబోయారట. అయినా మరుసటి ఏడాదికి రోడ్డు పడింది. 1988లో ఈ అడవులకి ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. అదే రోడ్డు మీద కుదుపులు ఎంజాయ్ చేస్తూ ఇదంతా వినడం కొంచెం ఇబ్బందిగానే అనిపించింది.

తిరుగు దారిలో, తారు రోడ్డెక్కాక, కాసోవరీ కనిపించింది. మనిషంత ఎత్తు, నీలం మెడ, నెత్తిన డిప్పలాంటి కొమ్ము. వెనక చారల పిల్లలు రెండు. అంటే అది నాన్న. ఆడపక్షి గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది, పొదగడం, పెంచడం అన్నీ ఈయన డ్యూటీ.

డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. ఇంతలో వెనక నుంచి ఒక కారు, మంచి స్పీడ్‌లో. మావాడు చెయ్యి బయటపెట్టి గట్టిగా ఊపాడు. బ్రేకులు కీచుమన్నాయి. పెద్ద పక్షీ, ఒక పిల్లా అప్పటికే దాటేశాయి. రెండోది మాత్రం రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. నాన్న గట్టున ఆగి వెనక్కి చూశాడు.

ఫోన్ ఒళ్లోనే ఉంది. తియ్యాలనిపించలేదు. పిల్ల పరుగెత్తింది.