జర్మనీలో అద్దె గది: డిపాజిట్, నోటీసు, తగాదా

జర్మనీలో అద్దె ఇంటికి కట్టే డిపాజిట్‌ను కౌత్సియోన్ అంటారు. అక్కడి పౌర స్మృతి 551వ సెక్షన్ ప్రకారం అది మూడు నెలల అసలు అద్దెను మించకూడదు. అసలు అద్దె అంటే హీటింగ్, నీళ్లు, చెత్త వగైరా ఖర్చులు కలపనిది. 400 యూరోల గదికి 1,200 దాటి తీసుకోవడం చెల్లదు. దాన్ని మూడు సమాన నెలవారీ వాయిదాల్లో కట్టవచ్చు. మొదటిది అద్దె మొదలైనప్పుడు ఇస్తే చాలు. బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకింత అని మాత్రమే డబ్బు అందే విద్యార్థికి ఇది చిన్న వెసులుబాటు కాదు. గది చూపించకుండా డబ్బు పంపమనేవారికి పైసా కూడా పంపకూడదు.

అసలు చిక్కు గది ఖాళీ చేస్తామని ఇచ్చే నోటీసు దగ్గర వస్తుంది. వాట్సాప్‌లో చెప్పినా, ఈమెయిల్ పెట్టినా అది నోటీసు కాదు. కాగితం మీద చేత్తో సంతకం చేసి ఇవ్వాలని చట్టం. మామూలు అద్దెకు గడువు మూడు నెలలు. కాగితం నెలలో మూడో పనిదినంలోగా ఇంటి యజమానికి చేరాలి. మార్చిలో అలా చేరితే మే ఆఖరుకు విడుదల. ఒక్కరోజు ఆలస్యమైతే జూన్ అద్దె కూడా మీద పడుతుంది. యజమాని తాను ఉంటున్న ఇంట్లోనే సామానుతో ఇచ్చిన గదికైతే 15వ తేదీలోగా చెబితే ఆ నెలాఖరుకే ఖాళీ చేయవచ్చు. నిర్ణీత కాలానికి రాసుకున్న ఒప్పందాన్ని మాత్రం సాధారణంగా మధ్యలో వదిలించుకోలేరు కాబట్టి, సంతకానికి ముందే ఆ వాక్యం వెతికి చదవాలి.

చివరి నెలల అద్దె ఆపేసి డిపాజిట్‌లో సర్దుకోమనడం హైదరాబాద్‌లో మామూలే. జర్మనీలో అలా కుదరదు. అది బాకీ కిందకే వస్తుంది. తాళాలు అప్పగించే రోజున గోడలు, నేల, మీటర్ రీడింగులు రాసిన పత్రం మీద ఇద్దరూ సంతకాలు చేయాలి. ఫొటోలు కూడా తీసుకోవాలి. వాడకంతో సహజంగా వచ్చే అరుగుదలకు డిపాజిట్‌లో కోత పెట్టకూడదు.

డిపాజిట్ ఎన్నాళ్లలో తిరిగివ్వాలో చట్టంలో తేదీ లేదు. హీటింగ్, నీళ్లు వగైరా ఖర్చుల లెక్క తేలేవరకు కొంత భాగం అట్టిపెట్టుకోనిస్తారు. ఇవ్వకుండా నాన్చుతుంటే గడువు పెట్టి ఉత్తరం రాయాలి. ఆ ఉత్తరం రాయడానికీ, లెక్క సరిచూడటానికీ అద్దెదారుల సంఘం తన సభ్యులకు సలహా ఇస్తుంది. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థి సంఘాలు కూడా సాయం చేస్తాయి. అప్పటికీ రాకపోతే స్థానిక కోర్టుకు వెళ్లవచ్చు, అక్కడ లాయరు తప్పనిసరి కాదు. దేశం వదిలి వెళ్లేవారు మాత్రం డిపాజిట్ చేతికొచ్చేదాకా బ్యాంకు ఖాతా మూయకూడదు.