ఒక్క ఒంట్లో రెండు జొరాలు

2021 నవంబరు వానలకు స్వర్ణముఖి పొంగింది. మా యానాదుల కాలనీలో బోరు చుట్టూ మురుగు నిలిచిపోయింది. నీళ్లు తీసిన కొన్నాళ్లకు మా మేనత్త కొడుక్కి జొరం తగిలింది. పద్నాలుగేళ్ల పిల్లోడు. పక్కూళ్లో వైద్యం చేసే ఆయన రక్తం తీయించి, డెంగీ ఉంది, టైఫాయిడ్ కూడా ఉందన్నాడు. "ఒక్క ఒంట్లో రెండు జొరాలు ఎట్ల పడతాయి సామీ?" అని అత్త అడిగింది. ఆయన జవాబు చెప్పకుండా రెండు సూదులేసి పంపించేశాడు. చదువుకున్నోళ్లం, మేమూ చెప్పలేకపోయాం. ఆ సిగ్గుతోనే తర్వాత అడిగి, చదివి తెలుసుకున్నాం.

డెంగీని తెచ్చేది పగలు కుట్టే దోమ. అది మంచినీళ్ల డ్రమ్ముల్లో, గాబుల్లో గుడ్లు పెడుతుంది. టైఫాయిడ్ క్రిమి మలం కలిసిన నీళ్లలో, తిండిలో వస్తుంది. కొళాయి లేక మేం డ్రమ్ముల్లో నీళ్లు దాస్తాం, మురుగు కలిసిన బోరు నీళ్లు తాగుతాం. రెండు జొరాలకూ దారి మా ఇంట్లోనే ఉంది.

లోపల జరిగేది ఇంకా చిత్రం. ఒంట్లో మాక్రోఫేజ్‌లనే కావలి కణాలుంటాయి. వచ్చిన క్రిమిని మింగి అరిగించుకోవడం వాటి పని. టైఫాయిడ్ క్రిమి మాత్రం ఆ కణం మింగినా చావకుండా దాంట్లోనే కాపురం పెడుతుంది. బొక్కలో ఎలకను కుండపొగ పెట్టి పట్టే మాకు ఇది తేలిగ్గానే అర్థమైంది: ఎలక కావలివాడి గుడిసెలోనే బొక్క చేసుకుందన్నమాట! టీ కణాలు గామా ఇంటర్‌ఫెరాన్ అనే కబురు పంపితేనే కావలి కణానికి దాన్ని చంపే బలమొస్తుంది. డెంగీ వైరస్ పెరిగేదీ ఈ జాతి కణాల్లోనే. దాని మీద పోరులో ఇట్లాంటి కబుర్లు మితిమీరితే రక్తనాళాల గోడలు వదులై, రక్తంలోని నీరు బయటికి కారుతుంది. ఇంతకుముందు వేరే రకం డెంగీ వచ్చిపోయి ఉంటే ఇంకా కష్టం. పాత యాంటీబాడీలు కొత్త వైరస్‌ను చంపలేకపోగా, పట్టుకుని కణాల్లోకి చేరవేస్తాయి.

పిల్లోణ్ణి తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. ఐదో రోజు జొరం దిగింది. అత్త సంచి సర్దుకుంది. నర్సమ్మ పోనియ్యలేదు: "జొరం దిగినప్పుడే కనిపెట్టుకోవాల మ్మా." ఆ రాత్రే బీపీ పడిపోయింది. సెలైన్ ఎక్కించి నిలబెట్టారు. ముందు వేసిన సూదుల్లో ఒకటి నొప్పులదని అప్పుడు తెలిసింది. కొన్ని నొప్పి మందులు డెంగీలో రక్తస్రావం పెంచుతాయి, పారాసెటమాల్ ఒక్కటే వాడాలన్నారు. బొప్పాయాకు రసం సంగతి అత్త చెప్పనేలేదు, మేమూ చెప్పలేదు. ఆకుల మీద మాకు నమ్మకముంది, కానీ ఆ రాత్రి పని చేసింది సెలైనే.

డెంగీ జొరం వారంలో పోవాలి. తొమ్మిదో రోజు ఒళ్లు మళ్లీ కాలింది. మొదట చేసిన వైడల్ పరీక్షను అక్కడి డాక్టరు లెక్కలోకి తీసుకోలేదు. 1896 నాటి ఆ పరీక్ష వెదికేది క్రిమిని కాదు, యాంటీబాడీలను. ఎప్పుడో వచ్చిన టైఫాయిడ్‌కైనా, వేరే జొరానికైనా అది ఉందని చూపించొచ్చు. అందుకే రక్తాన్ని కల్చర్‌కు పంపారు. అందులో టైఫాయిడ్ క్రిమే మొలిచింది. రెండూ నిజమే! యాంటీబయాటిక్ రెండు వారాలు వాడారు.

పిల్లోడు బతికి బట్టకట్టాడు. మొన్న ఇదంతా అత్తకు బొమ్మలు గీసి మరీ చెప్పాం. ఓపిగ్గా వినింది.

"సరే గానీ నాయనా, కొళాయి ఎప్పుడేస్తారంట?" అని అడిగింది.