ఖుర్తుబాలో అమ్మాయితో ఒక రోజు

ఉర్దూ తెలిసిన మన ఇళ్లకు ఖుర్తుబా పేరు ఇక్బాల్ మూలంగా పరిచయం. ఆయన 1933లో స్పెయిన్ వెళ్లి అక్కడి జామె మస్జిదును చూశారు. దాని మీద రాసిన కవిత రెండేళ్ల తర్వాత ‘బాలె జిబ్రీల్’ సంపుటంలో వెలువడింది. ఆ నగరాన్ని స్పెయిన్ వారు కొర్దొబా అంటారు. నాయుడుపేటలో వరి పండించుకునే మా కుటుంబానికి అది కవిత్వంలోని ఊరుగానే మిగిలిపోవలసింది. మా అమ్మాయి స్కాలర్‌షిప్ మీద అక్కడి విశ్వవిద్యాలయంలో వ్యవసాయశాస్త్రం చదవడానికి వెళ్లడంతో, గత ఏప్రిల్‌లో మేమిద్దరం ఆమెను చూడడానికి ప్రయాణమయ్యాము.

నిజం చెప్పాలంటే మస్జిదు కంటే ముందు మేము చూడదలచినది వేరు. పందితొడలను ఎండబెట్టి దుకాణాల పైకప్పు నుండి వేలాడదీసే దేశంలో ఈ పిల్ల ఏమి తింటోంది? నమాజు ఎక్కడ చేసుకుంటోంది? ఫోనులో అడిగితే “అంతా బాగుంది అబ్బా” అనేది. ఆ జవాబుతో ఏ తల్లిదండ్రులకు తృప్తి కలుగుతుంది? మేమున్న వారంలో ఆమెకు తరగతులు లేని రోజు ఒక్కటే దొరికింది. ఆ రోజు ఎక్కడ తిరగాలో, ఎక్కడ తినాలో ఆమెకే వదిలేశాము.

ఉదయం ఎనిమిదింటికే బయలుదేరదీసింది. సోమవారం నుండి శనివారం వరకు 8:30 నుండి 9:30 దాకా మస్జిదులోకి రుసుము లేకుండా రానిస్తారు. గుంపులుగా రాకూడదు, మౌనం పాటించాలి. డబ్బు లెక్క చూసుకునే విద్యార్థులకు ఇటువంటి సంగతులు బాగా తెలుస్తాయి. నారింజ చెట్ల ప్రాంగణం పూత వాసనతో నిండి ఉంది. ఒకప్పుడు వుజూ చేసుకున్న చోటు అది. లోపల 856 స్తంభాలు. మొదటి అబ్దుర్రహ్మాన్ 785 ప్రాంతంలో నిర్మాణం మొదలుపెట్టినప్పుడు రోమన్ల కట్టడాల నుండి, విసిగోతుల చర్చిల నుండి స్తంభాలు తెప్పించాడు. అందుకే ఏ రెండూ ఒకే తీరున కనిపించవు. ఎత్తు చాలని చోట వాటిపై రెండు వరుసల కమానులు ఎత్తారు. ఎర్ర ఇటుక ఒకటి, తెల్ల రాయి ఒకటి. మిహ్రాబ్ రెండవ హకమ్ కాలం నాటిది. దాని చుట్టూ బంగారు పలుకులతో పొదిగిన ఖురాన్ వాక్యాలు. ఆ పలుకులను, పనివాణ్ని బైజాంటియం క్రైస్తవ చక్రవర్తి పంపాడని చరిత్రకారులు రాశారు. మిహ్రాబ్ ముందు ఇనుప కటకటాలున్నాయి. మక్కా ఆగ్నేయంగా ఉండగా ఈ గోడ దక్షిణానికే ఎక్కువ మొగ్గి ఉంటుంది. ఎందుకో పండితులు నేటికీ తేల్చుకోలేదు.

1236లో నగరం మూడవ ఫెర్నాండో వశమైంది, మస్జిదు చర్చి అయింది. పదహారవ శతాబ్దంలో నడిమి స్తంభాలను తొలగించి అక్కడ కెథడ్రల్ లేపారు. ఆ మసక వెలుతురు అడవిలో నడుస్తూ ఉన్నట్టుండి తెల్లని ఎత్తైన గోపురం కిందికి వస్తాము. మాకు మనసు చివుక్కుమంది. అయితే సెవిల్ నగరపు పెద్ద మస్జిదును పడగొట్టి ఆ చోట చర్చి కట్టారు. ఇక్కడ చర్చిగా వాడుకున్నందువల్లనే ఇంతమాత్రం మిగిలిందనే మాటను తోసిపుచ్చలేము. స్పెయిన్ ముస్లిములు ఇక్కడ నమాజుకు అనుమతి కోరారు, చర్చి పెద్దలు ఒప్పుకోలేదు. మస్జిదులో అడుగు పెట్టగానే రెండు రకాతులు చేసే అలవాటు మనది. కాళ్లు ఆగాయి, మనసు ఆగలేదు. మా అమ్మాయి నెలకొకసారి వచ్చి స్తంభాల మధ్య ఊరకే నడిచి వెళుతుందట. “మొదటిసారి ఏడ్చాను. ఇప్పుడు లెక్కపెడతాను” అంది బయటికి వచ్చాక.

కాల్చిన రొట్టెపై తరిగిన టమాట, ఆలివ్ నూనె వేసుకుని ఫలహారం ముగించాము. నూనెను వారు అసేతె అంటారు, అరబీ ‘అజ్జైత్’. చక్కెర అసూకర్. సంస్కృతంలోని శర్కర అరబీలో సుక్కర్ అయి అక్కడికి చేరింది. నారింజ నరాన్హ, బియ్యం అర్రోస్. మన వైపు నుండి బయలుదేరిన మాటలు అరబీ నోట స్పెయిన్ చేరి, ఫలహారశాల జాబితాలో మాకు ఎదురుపడ్డాయి. ఆ నగరపు నది పేరు గ్వాదల్‌కివీర్; ‘వాదీ అల్ కబీర్’ అంటే పెద్ద వాగు. మన స్వర్ణముఖిలా నెలల తరబడి ఇసుకమేట వేసి పడుకోదు, నిండుగా పారుతుంది. ఒడ్డున నీటిని కోటకు ఎత్తిపోసిన పెద్ద చక్రం నమూనా నిలిచి ఉంది. మా అమ్మాయి దాని దగ్గర చాలాసేపు నిలబడి, సెవిల్ వాడైన ఇబ్నుల్ అవ్వామ్ పన్నెండవ శతాబ్దంలో రాసిన సేద్యపు గ్రంథాన్ని గురించి చెప్పింది. దానిని 1802లో స్పానిష్‌లోకి అనువదించి అచ్చు వేశారు.

రోమన్ల వంతెన దాటితే కలహోర్రా బురుజు. అందులోని ప్రదర్శనశాలలో చర్చి చేరకముందు మస్జిదు ఎట్లా ఉండేదో చూపే నమూనా ఉంది. ఒక గదిలో ఇబ్నె రుష్ద్, యూదు పండితుడు మైమోనిదెస్, ఇబ్నె అరబీ, పదవ అల్ఫోన్సో రాజు బొమ్మలు తమ ఆలోచనలు తామే చెబుతున్నట్టు వినిపిస్తాయి. నలుగురూ సఖ్యంగా మాట్లాడుకుంటారు. చరిత్ర అంత సఖ్యంగా లేదు. మైమోనిదెస్ కుటుంబం ఊరు విడిచింది ముస్లిం పాలకులైన అల్మొహద్‌ల ఒత్తిడి వల్లనే. ఇబ్నె రుష్ద్‌ను 1195లో బహిష్కరించి ఆయన గ్రంథాలను తగలబెట్టించినదీ వారే. ఊరికి పడమట 936లో మొదలైన మదీనతుజ్జహరా రాజనగరం 1010లో నాశనమైంది. పగవారి చేత కాదు, ముస్లిముల అంతర్యుద్ధంలో. ఇక్బాల్‌ను చదివే మన ఇళ్లలో ఈ సంగతులు కూడా చెప్పుకోవాలి.

అక్కడ ఏప్రిల్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో రెండుంబావు దాటుతుంది. జుహర్‌కు కొలోన్ తోటలోని చిన్న మస్జిదుకు తీసుకువెళ్లింది. స్పెయిన్ అంతర్యుద్ధంలో పోరాడిన మొరాకో సైనికుల కోసం కట్టినది. మన పేటలో ఒక గదంత. ఉదయం ఆగిపోయిన సజ్దా అక్కడ తీరింది.

మూడింటికి భోజనం, ఆ దేశానికి అది ఆలస్యం కాదు. ‘సాల్మొరేహొ’ అనే చల్లని చిక్కని పులుసు తెప్పించింది. రొట్టె, టమాట, వెల్లుల్లి, ఆలివ్ నూనె కలిపి రుబ్బి, పైన గుడ్డు ముక్కలు, హామ్ ముక్కలు చల్లుతారు. “సిన్ హమోన్” అని స్పష్టంగా చెప్పింది, హామ్ వద్దని. ఇది మన ఖలీఫాలు తిన్నదేనా అని అడిగితే నవ్వింది. “టమాట అమెరికా నుండి వచ్చింది అబ్బా, అప్పటికి ఖలీఫాలు ఎక్కడున్నారు?” తరువాత వంకాయ వేపుడు. వంకాయ బెరెన్హేన, ఇంట్లో మనం బైంగన్ అనుకునేదే. వేయించి చెరకు పాకం పోస్తారు. ఆర్డరు ఇవ్వబోయి ఆగి, హామ్ వేసిన వంటకాలు వేయించే నూనెలోనే దీనినీ వేయిస్తారా అని అడిగింది. వడ్డించే యువకుడు వంటగదిలోకి వెళ్లి కనుక్కుని వచ్చి, అదే నూనె అని దాచకుండా చెప్పాడు. కృతజ్ఞతలు చెప్పి పాలకూరతో వండిన శనగలు తెప్పించింది. ఆ మాటలో బిడియమూ లేదు, విసుగూ లేదు. రోజూ అడిగే వారి గొంతు అది. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. ఆమె తల్లి ఆ తర్వాత తిండి సంగతి మళ్లీ అడగలేదు.

పురావస్తు ప్రదర్శనశాలలో యూరోపియన్ యూనియన్ పౌరులకు ఉచితం, మనకు ఒకటిన్నర యూరో. నేలమాళిగలో రోమన్ రంగస్థలం మెట్లున్నాయి. మా మోకాళ్లు అంతకంటే ఎక్కువ చూడనివ్వలేదు.

సాయంత్రం తన గదిలో వంకాయలు తానే వేయించింది, తన నూనెలో, పైన చెరకు పాకంతో. మొరాకో వారి దుకాణం నుండి తెచ్చిన హలాల్ కోడితో పులావు. పక్కన మేము మోసుకెళ్లిన గోంగూర పచ్చడి. మగ్రిబ్ దాదాపు తొమ్మిదింటికి. నమాజు అయ్యాకే విస్తరి. ఆమెతో ఉండే స్పెయిన్ అమ్మాయి పచ్చడి రుచి చూసి కళ్ల నీళ్లు తుడుచుకుంటూ మరికొంచెం వేసుకుంది. వచ్చే ఏడు మళ్లీ వస్తారా అని మమ్మల్ని అడిగింది. మా జవాబు వినకముందే “ఓహలా” అంది. అరబీ నుండి వచ్చిన ఆ మాటకు అల్లాహ్ తలచుకుంటే అని అర్థమని మా అమ్మాయి చెప్పగా, చిన్నప్పటి నుండి అంటున్నా తనకు తెలియదని ఆ పిల్ల ఆశ్చర్యపోయింది.