భట్టిప్రోలుకు అరగంట

బ్యాంకులో ముప్ఫయ్యేళ్ళు పనిచేసినవాడికి కాగితం మీద నిలువుగీతలు గీయకుండా ఏ పనీ మొదలుపెట్టడం చేతకాదు. ఇంటికి సున్నం వేయించడమైనా సరే, చుట్టాల పెళ్ళికి వెళ్ళడమైనా సరే, ముందు గీతలు పడాలి. మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది. కిందటి ఆగస్టులో కుందలహళ్ళిలోని మా ఇంట్లో అలాంటి పట్టిక ఒకటి వారం రోజులపాటు భోజనాల బల్ల మీద ఉండిపోయింది. దాని సంగతి చెబుతాను.

మా అమ్మాయి సెప్టెంబరులో పైచదువుకి లండను వెళ్ళాల్సి ఉంది. ఒక రాత్రి అన్నం తింటూ, "నాన్నా, లండన్ మ్యూజియంలో అమరావతి శిల్పాలకి ప్రత్యేకంగా ఒక గది ఉందట. చూసి ఫోటోలు పంపిస్తాను" అంది. నాకు ముద్ద దిగలేదు. మాది గుంటూరు జిల్లా అని నలుగురిలో చెప్పుకుంటాం. ఏటా ఊరు వెళ్తూనే ఉన్నాం. పెళ్ళిళ్ళకి వెళ్ళాం, దినాలకి వెళ్ళాం, పొలం కాగితాలకి వెళ్ళాం. అమరావతి మాత్రం పిల్లకి చూపించలేదు. అసలు విషయం చెప్పొద్దూ, నేను కూడా అక్కడ గుడి చూశాను గాని స్తూపం చూడలేదు. లండనులో చూసేముందు అది పుట్టిన చోటు చూడాలి గదా అన్నాను. "ఎప్పుడు?" అంది. లెక్క చూస్తే అందరికీ కుదిరేది ఒక్కరోజు.

నేను చదివింది బి.కాం. చరిత్ర నాకు హైస్కూలుతో ఆగిపోయింది. అయినా ఒక్కరోజులో మన బౌద్ధక్షేత్రాలన్నీ చూపించాలని పంతం పట్టి కూర్చున్నాను. మొదటి పట్టికలో ఏడు చోట్లు రాశాను. అందులో నాగార్జునకొండ మొదటే ఎగిరిపోయింది. 1955లో డాముకి శంకుస్థాపన జరిగాక, లోయ మునిగిపోయేలోగా తవ్వి తీసినవాటిలో ముఖ్యమైనవి కొండ మీదికి చేర్చారు. ఆ కొండ ఇప్పుడు నీళ్ళ మధ్య దీవి. అక్కడికి లాంచీలో వెళ్ళాలి. లాంచీ మన పట్టిక ప్రకారం కదలదు, దానికే ఒక పూట పోతుంది. తరువాత గుంటుపల్లి. దీన్ని కొట్టేసేటప్పుడు బాధేసింది. కొండని తొలిచి చేసిన గుండ్రటి చైత్యం, పైకప్పు లోపల కర్రవాసాలు పేర్చినట్టు రాతిలోనే చెక్కారు. బీహారులోని బరాబర్ గుహలతో దాన్ని పోలుస్తారు. కాని అది ఏలూరు అవతల. శంకరం దగ్గర బొజ్జన్నకొండ అయితే అనకాపల్లి, ఆ మాటే ఎత్తకూడదు. ఉండవల్లి దారిలో ఉందని ఆశపడ్డాను గాని మా అమ్మ మెట్లెక్కలేదు.

మిగిలినవి మూడు: అమరావతి, భట్టిప్రోలు, ఘంటసాల. రాత్రి రైలెక్కి తెల్లారి గుంటూరులో దిగడం, కారు మాట్లాడుకుని ముందు అమరావతి, మళ్ళీ గుంటూరు మీదుగా తెనాలి, భట్టిప్రోలు, రేపల్లె. అక్కడినుంచి పెనుమూడి వంతెన మీద కృష్ణ దాటితే పులిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి, ఘంటసాల. రాత్రికి విజయవాడలో రైలు. నా చిన్నప్పుడు పెనుమూడి దగ్గర రేవు దాటాలంటే పడవే గతి. వంతెన వచ్చింది కాబట్టే ఈ పట్టిక అతికింది. అమరావతికి గంటన్నర, భట్టిప్రోలుకి అరగంట, ఘంటసాలకి గంట అని రాసుకున్నాను.

ఇందులో ఒక తప్పు చేశాను. శుక్రవారం సెలవు పెట్టి టిక్కెట్లు కొనబోతుంటే అమ్మాయి ఆపింది. కేంద్ర పురావస్తు శాఖవారి మ్యూజియములకి శుక్రవారం సెలవట! ఎవరైనా ఆదివారం మూస్తారు, సోమవారం మూస్తారు గాని శుక్రవారం ఏమిటండీ? మీరు గనక వెళ్ళదలిస్తే ఈ ఒక్కముక్క గుర్తుపెట్టుకోండి. నాలుగో శనివారం మా బ్యాంకులకి ఎలాగూ సెలవే కాబట్టి దానికి మార్చాను.

మా పక్కింటాయన కలబురగి వైపువాడు. నా పట్టిక చూసి, "అంత దూరం ఎందుకు సార్, మా సన్నతికి రండి" అన్నాడు. ఆయన మాటలో అబద్ధం లేదు. భీమా నది ఒడ్డున సన్నతి పక్కన కనగనహళ్ళిలో బయటపడిన స్తూపంలో శాతవాహన రాజుల బొమ్మలున్నాయి, అశోకుడి బొమ్మ కింద ఆయన పేరే చెక్కి ఉంది. 1986లో సన్నతి చంద్రలాంబ గుడి ఆవరణలో కాళికాలయం కప్పు కూలితే, అమ్మవారి పీఠంగా వాడిన రాయి అశోకుడి శాసనమని తేలింది. ఈ పీఠం కథ నేను అమ్మాయికి చెబుతున్నప్పుడు మా అమ్మ పక్క గదిలో మంచం మీద పడుకుని వింటోంది. నిద్రపోయిందనుకున్నాను.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ, "ఒరేయ్, మా దిబ్బ దగ్గర ఎంతసేపు ఆపుతావు?" అంది.

"అరగంట."

"చాలదు."

అమ్మకి ఎనభై ఒకటి. పుట్టిల్లు భట్టిప్రోలుకి రెండు మైళ్ళలోపు. స్తూపం అన్నమాట ఆమె ఎప్పుడూ అనదు, దిబ్బ అంటుంది. ఊళ్ళో దానికున్న పూర్తి పేరు ఆడవాళ్ళు పలికేది కాదు. లంజదిబ్బ అని నేను చెబితే అమ్మాయి పొలమారేంత నవ్వింది. అటు ఘంటసాల దిబ్బకీ అదే పేరని చెబితే మళ్ళీ నవ్వింది. అమ్మ నవ్వలేదు.

అరగంట ఎందుకు చాలదో రెండు రోజులు చెప్పలేదు. మూడోరోజు మా ఆవిడకి చెప్పింది, ఆవిడ ద్వారా నాకు తెలిసింది. అమ్మకి ఏడేళ్ళప్పుడు మా తాతగారు ఒక రాత్రి ఎడ్లబండి మీద, పైన గోనెసంచులు కప్పి, దిబ్బ వైపునుంచి ఒక తెల్లరాయి తెచ్చారు. దొడ్లో బావి పక్కన బట్టలుతికే బండగా వేశారు. బోర్లా వేశారు. అడుగు వైపు తామరపువ్వు చెక్కి ఉందని ఆ రాత్రి లాంతరు పట్టుకుని నిలబడ్డ అమ్మకి తెలుసు. ఆ ఏడే అమ్మ తమ్ముడు, మూడేళ్ళవాడు, జ్వరం వచ్చి పోయాడు. దేవుడి రాయి మీద మైలబట్టలు ఉతికినందుకే అని అమ్మమ్మ ఏడ్చిందట. తిరిగి పడేసి రమ్మంటే, ఎవరైనా చూస్తే పరువు పోతుందని తాతగారు ఒప్పుకోలేదు. ఈ సంగతి ఇంట్లో ఎత్తకూడదన్నారు. డెబ్భై ఏళ్ళు దాటినా అమ్మ ఎత్తలేదు.

టైఫాయిడ్ అయి ఉంటుంది. ఆ రోజుల్లో ఇంటికొక పసివాడు అలాగే పోయాడు. ఆ మాటే అన్నాను. అమ్మ తల ఊపింది గాని ఆ ఊపులో ఒప్పుకోలు లేదు. అమ్మాయి వాళ్ళ నాయనమ్మ పక్కన చేరి ఓదార్చబోయింది. అమరావతిలో పెద్ద జమీందారే తన కొత్త పట్నానికి ఆ రాళ్ళు వాడుకున్నాడనీ, భట్టిప్రోలు రాళ్ళూ ఇటుకలూ రోడ్లకీ కాలువ పనులకీ పోయాయనీ, ముత్తాతగారు చేసింది ఏపాటిదనీ చెప్పింది. "వాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారమ్మా" అంది అమ్మ.

నేను మా మామయ్య కొడుక్కి ఫోను చేశాను. రాయి ఉందా అని అడిగితే, "ఎక్కడికి పోద్ది బావా, బోరు పంపు కింద ఉంది, దాని మీదే చేతులు కడుక్కుంటాం" అన్నాడు. అప్పుడు నాకు బ్యాంకు భయం పట్టుకుంది. 1972 చట్టం ప్రకారం పాత శిల్పాలకి రిజిస్ట్రేషన్ ఉండాలి. నాకు తెలియనంతకాలం తెలియదు. తెలిశాక కాగితం మీద పెట్టకపోతే ఆడిట్‌లో దాన్ని ఏమంటారో నాకు తెలుసు. పట్టికలో భట్టిప్రోలు ఎదురుగా అరగంట కొట్టేసి రెండున్నర గంటలు రాశాను. ఆ మేరకు ఘంటసాల చీకట్లోకి జరిగింది.

వెళ్ళే రోజు కుందలహళ్ళి స్టేషనులో మెట్రో ఎక్కి మెజెస్టిక్‌లో దిగాం. ఈ మార్గం 2023 అక్టోబరులో పూర్తయింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ ట్రాఫిక్‌లో రైలు అందుకోవడానికే ఒక పట్టిక కావాలి. అమ్మ కిటికీ పక్కన కూర్చుని, "మీరొచ్చినప్పుడు ఇక్కడంతా తోటలే గదరా" అంది.

అమరావతిలో స్తూపమున్న చోట ఇప్పుడు గడ్డి మధ్య తక్కువ ఎత్తు గుండ్రటి పీఠం, చుట్టూ కొన్ని రాతిపలకలు. 1797లో మెకంజీ వచ్చేసరికే జమీందారు మనుషులు దిబ్బని తవ్వేస్తున్నారు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు వెళ్ళాయి, వాటిలో చాలా భాగం 1859లో లండనుకి ఓడ ఎక్కాయి. అమ్మాయి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "అంటే నేను అక్కడ చూడబోయేది ఈ గోడా నాన్నా?" అంది. అవునన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. మ్యూజియంలో మాత్రం ఎంత పిలిచినా బయటికి రాలేదు. పట్టిక అక్కడే ముప్పావుగంట వెనకబడింది.

భట్టిప్రోలు చేరేసరికి ఎండ మాడ్చేస్తోంది. బాగుచేసిన ఇటుకల దిబ్బ పెద్దది, ఊరి ఇళ్ళ మధ్యే ఉంది. 1892లో అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వితే మూడు రాతి పేటికలు దొరికాయి. వాటి మీద రాతలు, లోపల స్ఫటికపు భరిణె. ఇక్కడ దొరికిన ధాతువులు 1920లో కలకత్తాలోని ధర్మరాజిక విహారానికి చేరాయి. ఆ రాతల్లో కుబీరకుడనే రాజు పేరుంది. నాకు వాటిలో అన్నిటికన్నా నచ్చింది వేరే సంగతి. అశోకుడి బ్రాహ్మిలో హల్లు ఒట్టిగా రాస్తే "క" అవుతుంది. భట్టిప్రోలువాళ్ళు అలా ఊరుకోలేదు. ఒట్టి హల్లు "క్" మాత్రమే, "క" కావాలంటే పైన చిన్న గీత పెట్టాలన్నారు. అమ్మాయి బడిలో తెలుగు చదవలేదు, కన్నడం చదివింది. "తలెకట్టు లాంటిదా నాన్నా?" అంది. "లాంటిదే అనుకో. అదే అని మాత్రం నేను సంతకం పెట్టను" అన్నాను. పుల్ల తీసుకుని మట్టిలో రాసి చూసుకుంది.

అమ్మ చెట్టునీడన కూర్చుని దిబ్బకేసి చూస్తోంది. దణ్ణం పెడుతుందేమోననుకున్నాను, పెట్టలేదు. "ఇంత శుభ్రంగా ఉండేది కాదు" అని మాత్రం అంది.

మా మామయ్య ఇంటి దొడ్లో ఇద్దరు మనుషులు గునపాలు వేసి రాయిని తిరగేశారు. అడుగున బురద, ఒక మూల సిమెంటు. బకెట్టుతో నీళ్ళు పోస్తే సగం తామరపువ్వు బయటపడింది. రేకులు ఒకదాని వెనక ఒకటి రెండు వరసలు, నిన్న చెక్కినట్టున్నాయి. బోర్లా పడి ఉండబట్టి నిలిచాయి. పైవైపు మాత్రం ఉతికి ఉతికి నున్నగా పలక అయిపోయింది. పొద్దున మ్యూజియంలో చూసిన పలనాటి రాయి రంగే. అమ్మ వంగలేక కుర్చీ వేయించుకుని, కాలితో తాకకుండా చీర కుచ్చిళ్ళు పక్కకి తీసుకుని, చేత్తో రేకుల మీద సిమెంటు గీకింది. రాలేదు.

"ఇచ్చేద్దాం" అంది.

మా బావమరిదికి మొహం మారింది. "ఇస్తే ఇంకా ఏమున్నాయోనని దొడ్డంతా తవ్వరా అత్తా? పిల్ల పెళ్ళి పెట్టుకుని ఉన్నాను" అన్నాడు. అతని భయం ఊరికే కొట్టిపారేసేది కాదు. అతను తెచ్చిన రాయి కాదు, అతను దాచిన రాయీ కాదు. వాటాలు పంచుకున్నప్పుడు దొడ్డితోపాటు వచ్చింది. నేను అక్కడే కూర్చుని పురావస్తు శాఖవారికి ఉత్తరం రాశాను. ఎవరు తెచ్చారు, ఎప్పుడు, ఎక్కడుంది, అంతే. అమ్మ వేలిముద్ర కాదు, సంతకమే పెట్టింది. ఇల్లు అతని పేర ఉంది కాబట్టి అతని సంతకం కూడా ఉండాలన్నాను. దసరా వెళ్ళాక చూద్దాం బావా అన్నాడు. రాయిని మాత్రం మళ్ళీ బోర్లా వేయనివ్వలేదు అమ్మ.

ఘంటసాల చేరేసరికి పొద్దు వాలిపోయింది. మ్యూజియం మూశారు. టాలమీ రాసిన కంటకోస్సూల రేవు ఇదేనంటారనీ, ఇక్కడి స్తూపం పునాది బండిచక్రంలా ఆకులు ఆకులుగా కట్టారనీ కారులోనే చెప్పాను. అమ్మాయి గేటు ఊచల్లోంచి ఫోటో తీసింది, నల్లగా వచ్చింది.

దసరా వెళ్ళింది, సంక్రాంతి కూడా వెళ్ళింది. ఉత్తరం నా బీరువాలో, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదుల కింద ఉంది. ప్రతి ఆదివారం లండను ఫోను అయిపోయాక అమ్మ నన్ను అడుగుతుంది, "వాడు సంతకం పెట్టాడా?" అని. ఇంకా లేదమ్మా అంటాను. రేపు మళ్ళీ ఒకసారి చెయ్యి అంటుంది. చేస్తున్నాను.