ఏ వయసుకి ఏ నవల?

మొన్న మా ఆడపడుచు ఫోన్ చేసి, "వదినా, సెలవుల్లో ఇంట్లో అందరూ చదువుకునే మంచి నవలలు నాలుగు చెప్పవూ" అంది. నవలల మాటెత్తితే నాకు పొయ్యి మీద పాలు కూడా గుర్తుండవు. స్పీకర్ ఆన్ చేసి, బెండకాయలు తరుగుతూ మొదలుపెట్టాను.

పన్నెండేళ్ళ వాడికి 'బారిష్టర్ పార్వతీశం'. మొక్కపాటి నరసింహశాస్త్రిగారు మొదటి భాగం రాసి వందేళ్ళయింది. అయినా లండన్ బయల్దేరిన ఆ మొగల్తూరు అబ్బాయి, తెలియక దొరసానుల టోపీ కొనుక్కుని తలకి పెట్టుకున్న చోట మావాడు మంచం మీద దొర్లి దొర్లి నవ్వాడు. అయితే పుస్తకం వాళ్ళ చేతికిస్తే లాభం లేదండీ, కూడబలుక్కుంటూ చదివేసరికి నవ్వు చచ్చిపోతుంది. రాత్రి అన్నాలయ్యాక మనమే నాలుగు పేజీలు చదివి, మంచి పట్టులో ఆపెయ్యాలి.

కాలేజీ పిల్లకి డాక్టర్ పి. శ్రీదేవిగారి 'కాలాతీత వ్యక్తులు'. 1950ల నాటి నవల. అందులో ఇందిర ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తూ, ఎవరేమనుకున్నా తనకి తోచినట్టు బతుకుతుంది. పెళ్ళికి ముందు చదివినప్పుడు నాకు ఆ పిల్ల మీద ఒళ్ళు మండింది. మా అమ్మాయి మాత్రం, "ఇందిర తప్పేముందమ్మా? ధైర్యం లేనిది ప్రకాశానికి" అంది. పట్టుదలగా మళ్ళీ చదివాను. దానిదే రైటు.

"మరి అమ్మకి?" అంది ఆడపడుచు.

"అత్తయ్యకి నవలలెందుకే, సుందరకాండ ఉందిగా" అనేశాను.

పక్కనే చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అత్తయ్యగారు తలెత్తకుండానే, "నాకు 'సెక్రటరీ' కావాలి" అన్నారు.

కాపురానికొచ్చిన కొత్తలో, పక్కింటావిడ ఇచ్చే పత్రికలో యద్దనపూడి సులోచనారాణి సీరియల్ చదివేవారట. బియ్యం డబ్బా వెనక దాచుకుని. ఒకరోజు వాళ్ళ అత్తగారు చూసి, నవలలు చదివితే కోడళ్ళు పాడైపోతారని ఆ పత్రికని నీళ్ళ కాగు కింద పొయ్యిలో పెట్టేశారు. పక్కింటావిడకీ చెప్పేశారు, ఇవ్వొద్దని.

"సినిమా చూశారుగా అత్తయ్యా?"

"సినిమా సినిమాయే. జయంతి చివరికేమనుకుందో అందులో ఎక్కడుంటుందే?"

నేను ఈ ఇంటికొచ్చి ఇరవై రెండేళ్ళు. ఆవిడ ఎదురుగానే కాళ్ళు బారజాపుకుని ఎన్ని నవలలు చదివానో! ఒక్కనాడూ "మీరూ చదువుతారా అత్తయ్యా" అని అడగలేదు. పుట్టినరోజుకి భక్తి పుస్తకం కొనిచ్చి, దణ్ణం పెట్టి, మంచి కోడల్ననుకున్నాను.

పుస్తకం తెప్పించాను. నిన్న పన్నెండున్నరైనా ఆవిడ వంటింట్లోకి రాలేదు. వెళ్ళి చూస్తే కిటికీ దగ్గర కుర్చీ, చేతిలో భూతద్దం.

"ఇంకా నలభై పేజీలున్నాయే. ఇవాళ పప్పు పోపు నువ్వే పెట్టెయ్" అన్నారు.